ఏడు నెలల పది రోజులు

ఆ హోటల్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జీతాల కాగితం రాసేవాడికి తప్ప అందరికీ ఆమె జేబులక్కే. నేలమాళిగలో ఉన్న లాండ్రీకి వచ్చే ప్రతి బట్టా ముందు ఆమె చేతుల మీదుగా పోవాలి. ప్యాంటు జేబు, చొక్కా జేబు, కోటు లోపలి జేబు, ఆ లోపలి జేబు వెనకాల కుట్టించుకున్న దొంగ జేబు, అన్నీ తడిమి చూస్తే గానీ మెషిన్లో వెయ్యనివ్వదు. ఆ జేబుల్లో ఆమెకు దొరకని వస్తువు లేదు. ఉంగరాలు దొరికాయి, కట్టుడు పళ్లు దొరికాయి, విడాకుల నోటీసు దొరికింది, ఒకసారి బతికున్న తాబేలు పిల్ల కూడా దొరికింది. అన్నిటినీ కవర్లో పెట్టి, గది నంబరు వేసి, పైకి పంపేది. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి బతుకు మొత్తం మీద ఒకే ఒక్క జేబు చూడడం మరిచిపోయింది. అది కట్టుకున్న మొగుడి చొక్కా జేబు. దానికి ఇరవై ఎనిమిదేళ్లు అనుభవించింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మొగుడి గురించి చెప్పాలి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయినా. ఆయన అదే హోటల్లో లిఫ్టు మేస్త్రి. సన్నగా, మెత్తగా, ఎవరైనా గట్టిగా తుమ్మితే సారీ చెప్పే రకం. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, అన్నిటికన్నా లిఫ్టులంటే భయం. ఎనిమిది అంతస్తులూ పనిముట్ల పెట్టె మోసుకుంటూ మెట్ల మీదే ఎక్కేవాడు. అదేమని అడిగితే ఆరోగ్యానికి మంచిదనేవాడు. అసలు కారణం ఆ లిఫ్టులో ఏమేం తెగిపోగలవో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియకపోవడం.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం తప్పనిసరై సామాన్ల లిఫ్టులో కాలు పెట్టాడు. ఏదో చప్పుడు వస్తోంది, లోపల ఉండి వింటే గానీ తెలియదన్నారు. అదే సమయానికి అప్పుడింకా పెళ్లికాని జేబులక్క దుప్పట్ల బండి తోసుకుంటూ అందులోకే ఎక్కింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య అది ఠక్కున ఆగిపోయింది. గంటన్నర తర్వాత తలుపులు పగలదీస్తే, గదులు ఊడ్చేవాళ్లూ వంటవాళ్లూ కలిసి పాతికమంది కళ్లారా చూశారు. ఆమె జుట్టు విరబోసుకుని, మొహమంతా ఎర్రబడి ఉంది. ఆయన చొక్కా గుండీలు విప్పుకుని దుప్పట్ల కుప్ప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంకేం కావాలి చెప్పండి, ముప్పై ఏళ్లు చెప్పుకోవడానికి?

జరిగింది మాత్రం ఇది. లిఫ్టు కుదుపుకి మేస్త్రి స్పృహ తప్పి పడిపోయాడు. ఆమె గాలి ఆడడానికి గుండీలు విప్పింది, దుప్పట్లు పరిచి పడుకోబెట్టింది, దిండు గలీబుతో విసిరింది. లోపలికి దిగబడిపోయిన బెల్లు బొత్తాన్ని పైకి లాగడానికి తలపిన్ను తీసింది, జుట్టు ఊడింది. ఆయన తెలివొచ్చాక ఏడ్చాడు. ఆ తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, తలుపు తెరిచేదాకా పదమూడో ఎక్కం అప్పజెప్పాడు. పదమూడో ఎక్కం అన్నిసార్లు ఒక్క తప్పు లేకుండా చెప్పినవాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు. జాలిపడింది. జాలి కాస్తా ముదిరి రెండు నెలల్లో పెళ్లిదాకా వెళ్లింది. పెళ్లయిన ఏడు నెలల పది రోజులకు కూతురు పుట్టింది.

రెండూ ఏడూ తొమ్మిది. ఈ లెక్క మొదట చేసింది మేస్త్రి అక్క, అంటే జేబులక్కకు పెద్దాడపడుచు. ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి, లిఫ్టు ఆగిన నాటి నుంచి ఒక్కో వేలూ మడుస్తూ వచ్చింది. తొమ్మిదో వేలు మడిచాక పదోదాన్ని ఆడిస్తూ, పైన పది రోజులు కూడా అతికినట్టు సరిపోయాయంది. పిల్ల రెండు కిలోలు కూడా లేదు, పద్దెనిమిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు కదా అంటే, తండ్రి మాత్రం ఎంతున్నాడు, వాడి పోలికేనంది. ఊరు ఊరంతా ఆ వేళ్ల లెక్కనే నమ్మింది.

కాదని చెప్పే సాక్ష్యం ఒక్కటుండేది. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం. బిడ్డ ఎన్ని నెలలకు పుట్టిందో, ఎంత బరువుందో అందులో డాక్టరు చేత్తో రాసి సంతకం పెట్టాడు. మేస్త్రి దాన్ని భద్రంగా చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. పద్దెనిమిది రోజులు కునుకు లేని జేబులక్క ఇంటికి రాగానే అలవాటు చొప్పున బట్టలన్నీ బకెట్లో పడేసింది. జేబు చూడలేదు. ఆ కాగితం గోరువెచ్చటి నీళ్లలో ముద్దయి, ముద్ద కాస్తా పీచయి, చొక్కా నిండా తెల్లగా అంటుకుంది. కొన్నాళ్లకి ఆ చిన్న ఆస్పత్రి కూడా మూసేశారు.

మరి మొగుడికి నిజం తెలుసు కదా, నోరు విప్పొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది చిక్కంతా. ఆయన నోరు విప్పలేదు, నవ్వాడు. తోటి మేస్త్రీలు భుజం తట్టి, అన్నిచోట్లా మెట్లెక్కేవాడివి, అక్కడ మాత్రం లిఫ్టెక్కేశావురా గురూ అన్నారు. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరైనా తనను ధైర్యవంతుడన్నది అదే మొదలు. కాదంటే ఆ గంటన్నర ఏం చేశావని అడుగుతారు. పదమూడో ఎక్కం సంగతి చెప్పాల్సి వస్తుంది. నవ్వడం సుఖమనిపించింది. అలా ఇరవై ఎనిమిదేళ్లు నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా జేబులక్కకు ఒళ్లు మండేది గానీ, మంచివాడు, పోనీలే అని ఊరుకునేది.

కూతురు పెరిగి పెద్దదై బీమా ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. రోజంతా జనం చేత ఫారాలు నింపించడం ఆమె పని. మనుషులు షుగరు దాస్తారు, సిగరెట్లు దాస్తారు, వయసు దాస్తారు. ఫారంలో అబద్ధం రాస్తే చివరికి నష్టపోయేది మీరేనని రోజుకు నలభైమందికి చెప్పేది. ఇంట్లో కూడా ఆ గొంతుతోనే మాట్లాడేది. పెళ్లయింది, అయిదో నెల వచ్చింది. అల్లుడు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడని, ఆ నెల డాక్టరు దగ్గరకు తల్లి తోడు వెళ్లింది.

క్లినిక్కు మూడో అంతస్తులో ఉంది. ప్లాస్టిక్కు కుర్చీలు, గోడ మీద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ, తిరగనా వద్దా అని ఆలోచించుకుంటున్న ఫ్యాను. కూతురు బీపీ చూపించుకోవడానికి లేస్తూ ఫైలు తల్లి ఒళ్లో పెట్టింది. ఫైలు అట్టకు లోపల ఒక అర ఉంది. జేబులక్క వేళ్లు ఆమెను అడక్కుండానే అందులోకి వెళ్లాయి. మడిచిన ఫారం బయటికొచ్చింది. మీ తల్లికి, అమ్మమ్మకు, అక్కచెల్లెళ్లకు ఎవరికైనా నెలలు నిండకుండా కాన్పు అయిందా, మీరు నెలలు నిండకుండా పుట్టారా అని ఉంది. రెండిటికీ ఎదురుగా కూతురి గుండ్రటి చేతిరాతతో లేదు, లేదు అని ఉంది.

కూతురు తిరిగొచ్చేసరికి తల్లి ఆ కాగితం పట్టుకుని కూర్చుంది.

"ఇదేంటే, లేదని రాశావు?"

కూతురు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అమ్మా, ఇది డాక్టరు ఫారం. ఇందులో నిజమే రాయాలి."

జేబులక్క ఆ ఫారం మళ్లీ చదివింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని, ఆఫీసులో ముసలివాళ్లతో మాట్లాడినట్టు మెల్లగా నచ్చజెప్పింది. తనేం తప్పు పట్టడం లేదని, ఆ రోజుల్లో అలా చెప్పుకోక తప్పేది కాదని, పదిహేనో ఏటే అత్త అంతా చెప్పేసిందని, నిజానికి తన అమ్మానాన్నలది అంత గొప్ప ప్రేమని తనకు లోలోపల గర్వంగా కూడా ఉందని చెప్పింది. నన్ను ఎనిమిదో నెలలో కన్నానని మా అమ్మ ఎప్పుడూ చెప్పేదే, మీ పెద్దమ్మకీ అంతేగదే అని తల్లి మొత్తుకుంటే, ఒక మాట నిలబెట్టడానికి ఇంకో రెండు చెప్పావని నాకు తెలుసులే అమ్మా అంది.

"మీ నాన్నని అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

"నవ్వాడు."

ఆ నవ్వు అంత దూరం వచ్చిందని జేబులక్కకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ అది తన పరువు ఒక్కటే తినేసిందనుకుంది. ఇప్పుడు కూతురి కడుపు దాకా వచ్చింది. ఫారం మార్చమని బతిమాలింది, కోప్పడింది. కూతురు బీమా ఆఫీసు మనిషి, పట్టిన పట్టు వదలదు. నాన్న వచ్చి తన నోటితో చెప్తే మారుస్తానంది. అంతలో డాక్టరమ్మకు అర్జెంటు కాన్పు తగిలి వెళ్లిపోయిందని, రేపు పొద్దున రమ్మని నర్సు చెప్పింది.

జేబులక్క నేరుగా హోటలుకు వెళ్లి, లిఫ్టెక్కి, ఎనిమిదో అంతస్తు పైన మోటారు గదిలో దిగబడింది. మేస్త్రి స్టూలు మీద కూర్చుని పుల్లీకి గ్రీజు పెడుతున్నాడు. ఆమె నిలబడే చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ఇంకొక్క నెలలో తన రిటైర్మెంటని, మేస్త్రీలంతా కలిసి సభ పెడుతున్నారని, లిఫ్టు ఆకారంలో కేకు కూడా చెప్పారని నసిగాడు. ఆ సభ అయిన మర్నాడే డాక్టరుకి చెప్పేస్తానన్నాడు.

జేబులక్క పనిముట్ల పెట్టె మీద కూలబడింది. తిట్టాలనే వచ్చింది గానీ ఏడుపొచ్చింది.

"నన్నన్నారు, పడ్డాను. అది నా ఖర్మ. ఇప్పుడిది దాని బిడ్డ ప్రాణం. మన పిల్ల అద్దాల పెట్టెలో ఊపిరి తియ్యడానికి ఎంత అవస్థ పడిందో మీరు చూళ్లేదూ?"

చూశాడు. పద్దెనిమిది రోజులూ ఆ గాజు తలుపు బయట నిలబడి, లోపల ఎగిరెగిరి పడుతున్న ఆ గుప్పెడు రొమ్మును చూస్తూ, పెదవులు కదపకుండా పదమూడో ఎక్కం చెప్పుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా. గ్రీజు డబ్బా మూతపెట్టి, రేపెన్నింటికి అని అడిగాడు.

మర్నాడు తల్లీ కూతుళ్లు లిఫ్టులో, ఆయన మెట్ల మీద క్లినిక్కుకు చేరారు. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి ముగ్గుర్నీ చూసింది. మేస్త్రి రొప్పు తగ్గేదాకా ఆగి, కోర్టులో నిలబడినట్టు చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. లిఫ్టు ఆగిందని, తాను పడిపోయానని, తెలివొచ్చాక ఏడ్చానని, ఎక్కం చెప్పానని, ఏ ఎక్కమో కూడా చెప్పాడు. డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది.

"అంటే పెళ్లికి ముందు మీరిద్దరూ..."

"చెయ్యి కూడా పట్టుకోలేదండీ. అంటే, ఆవిడ పట్టుకుంది. నాడి ఆడుతోందో లేదోనని."

కూతురు తండ్రి వైపు తిరిగింది. "మరి నేనడిగితే నవ్వావెందుకు నాన్నా?"

"నవ్వితే బాగుండేదమ్మా." ఆయన నేల చూపులు చూశాడు. "నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ అలా అనుకోలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. కూతురు పెన్ను తీసి రెండు లేదులూ కొట్టేసి, రెండు చోట్లా అవును అని రాసింది. డాక్టరమ్మ జేబులక్క వైపు తిరిగి, ఆమె తల్లి సంగతి, అక్క సంగతి ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒక చదువుకున్న మనిషి తను చెప్పిందల్లా మారు మాట్లాడకుండా రాసుకోవడం చూసి, జేబులక్క అడగనివి కూడా చెప్పింది.

అప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. బిడ్డలు ముందుగా పుట్టడానికి బీపీ, ఇన్ఫెక్షను, కవలలు, ఇలా సవాలక్ష కారణాలుంటాయి. కొన్ని ఇళ్లల్లో మాత్రం ఆ గుణం తల్లి నుంచి కూతురికి దిగుతుంది. ఇదిగో దొంగ అని పట్టుకోవడానికి అది ఒక్క జన్యువు పని కాదు. చాలా జన్యువులు తలా కాస్తా చెయ్యేస్తాయి. తనే ముందుగా పుట్టిన ఆడపిల్లకు, తల్లికీ పిన్నిపెద్దమ్మలకీ అలా కాన్పులైన ఆడపిల్లకు, ఆ ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. తప్పక జరుగుతుందని కాదు, కాచుకుని ఉండమని. మరి తండ్రి వైపు నుంచో అని మేస్త్రి ఆశగా అడిగాడు. మీ వైపు నుంచి పెద్దగా ఏమీ రాదండీ, ఎక్కువగా తల్లి వైపు నుంచేనంది. ఇక్కడా తనకు పాత్ర లేదని తేలి ఆయన ఇంకాస్త కుంచించుకుపోయాడు.

ఈ సంగతి తెలియకపోతే మామూలు స్కానుతో పంపేసేదాన్నని చెబుతూ డాక్టరమ్మ కూతుర్ని పక్క గదిలోకి తీసుకెళ్లింది. గర్భసంచి మూతి పొడవు కొలిచింది. తిరిగొచ్చాక ఆమె మొహంలో ఇందాకటి తేలిక లేదు. మూతి ఉండాల్సిన దానికన్నా కురచగా ఉందంది. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందుంది, రోజూ మానకుండా వాడాలి, రెండు వారాలకోసారి కొలిపించుకోవాలి, ఏ కాస్త నొప్పి అనిపించినా పరిగెత్తుకు రావాలి అంది. కూతురు తల్లి పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టింది. సారీ అమ్మా అంది. జేబులక్క కోరుకున్నది ఇన్నేళ్లూ ఆ మాటే. తీరా వచ్చేసరికి దాని వైపు చూసే తీరికే లేకపోయింది. ఆమె కళ్లు మందుల చీటీ మీదే ఉన్నాయి.

నెల తిరిగేసరికి రిటైర్మెంటు సభ వచ్చింది. హోటలు వంటింటి వెనక హాల్లో లిఫ్టు కేకు పెట్టారు. దానికి తలుపులు కూడా ఉన్నాయి, కాస్త తెరుచుకుని. ఒకడు మైకు పట్టుకుని పాత జోకే మళ్లీ వేశాడు. అందరూ గొల్లుమన్నారు. మేస్త్రి లేచాడు. నవ్వలేదు. ఆ రోజు తాను స్పృహ తప్పానని, ఏడ్చానని, తన భార్యే తనను బతికించిందని, ఆవిడ మీద ఇన్నాళ్లూ పడిన మాటకు తన నవ్వే కారణమని, నిలబడి, ఆగకుండా చెప్పాడు. ఆయన జీవితంలో చేసిన ధైర్యమైన పని అదొక్కటే.

ఒక్కడూ నమ్మలేదు. గురువుగారికి ఎంత వినయమో చూశారా అన్నారు. ఆఖరి రోజున కూడా భార్య పరువు కాపాడుతున్నాడన్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కేకు తలుపుల ముక్క ఆయన ప్లేటులోనే వేశారు. ఆయన దిక్కుతోచక భార్య వైపు చూశాడు. జేబులక్కకు ఆ మొహం చూస్తే లిఫ్టులోని మొహం గుర్తొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగక, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

తర్వాత రోజులు వారాల్లెక్కన నడిచాయి. లాండ్రీ గోడ మీద క్యాలెండరులో ఆమె వారానికో గీత గీసేది. తాను కూతుర్ని కన్న వారం వచ్చినప్పుడు ఒక్క దుప్పటీ తిన్నగా మడవలేకపోయింది. ఫోను మోగితే మేస్త్రితో సమానంగా ఉలిక్కిపడింది. ఆ వారం దాటింది. ఇంకొకటి దాటింది. నొప్పులని రెండుసార్లు ఆస్పత్రికి పరిగెత్తారు, రెండుసార్లూ ఊరికే భయపడి తిరిగొచ్చారు. ముప్పై ఎనిమిదో వారంలో, ఒక ఆదివారం పొద్దున, ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పుట్టగానే వార్డు అదిరేలా ఏడ్చింది. అద్దాల పెట్టె అక్కర్లేదన్నారు.

పెద్దాడపడుచు చూడ్డానికి వచ్చింది. అలవాటు పోలేదు, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నెలలు శుభ్రంగా నిండాయి కదా, మరి మీ వైపు ఏదో ఉందన్నారే అని సాగదీసింది. ఆ నోటికి చెప్పాల్సిన జవాబు జేబులక్క ఇరవై ఎనిమిదేళ్లుగా తయారుచేసి పెట్టుకుంది. అందులో ఒక్క ముక్కా వాడలేదు.

"నిండాయి వదినా," అంది మనవరాలి కాళ్లు సర్దుతూ. "నిండాయి. ఇంకోసారి లెక్కపెట్టండి."

తల్లీ బిడ్డలను ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం జేబులక్క బట్టల కుప్ప ముందు కూర్చుంది. మొగుడి చొక్కా చేతికొచ్చింది. వేళ్లు జేబులోకి వెళ్లాయి. మడిచిన కాగితం. తీసి చూస్తే ఆస్పత్రి వాళ్లిచ్చిన చీటీ. బిడ్డ బరువు, వారాలు, రక్తం గ్రూపు ఉన్నాయి. కింద కుటుంబ వివరాల దగ్గర డాక్టరమ్మ తన చేత్తో రాసింది. బిడ్డ తల్లి నెలలు నిండకుండా పుట్టింది. అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి, అమ్మమ్మ అక్క, ముగ్గురి కాన్పులూ అంతే. కింద సంతకం, ముద్ర.

ఆమె ఆ రెండు వరసలూ మళ్లీ మళ్లీ చదువుకుంది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి, ఇంత జరిగాక కూడా మళ్లీ జేబులోనే పెట్టారా, నీళ్లలో పడితే ఏమయ్యేదని గయ్‌మంది.

"నువ్వు చూస్తావని తెలిసే అందులో పెట్టాను," అన్నాడు మేస్త్రి.

జేబులక్క కళ్లు తుడుచుకుని లేచింది. లోపలి గదిలోకి వెళ్లి, పసిదాన్ని పక్కలో వేసుకుని పడుకున్న కూతురి చేతిలో ఆ కాగితం పెట్టింది.

"దీన్ని జాగ్రత్తగా దాచు. పాతికేళ్లకి ఈ పసిదానికి కావలసొస్తుంది. అప్పుడు దీని మాట ఎవరూ నమ్మకపోతే చూపించడానికి."

కూతురు దాన్ని ఫైలు అరలో పెట్టింది. జేబులక్క ఫైలు చేతిలోకి తీసుకుని, అరలోకి వేళ్లు పోనిచ్చి, కాగితం అక్కడే ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, బట్టలు తడపడానికి వెళ్లింది.